ఫుట్‌బాల్ ఆడే మా అబ్బాయికి అమెరికా కాలేజీలో స్కాలర్‌షిప్ – కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పేది ఎంతవరకు నిజం?

నిజాంపేట్_నాన్న

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

మా వాడికి పదహారేళ్ళు. సీబీఎస్‌ఈ పదో తరగతి 91 శాతంతో పాసై ఇప్పుడే 11లో చేరాడు, 2027లో 12 అయిపోతుంది. ఆరో తరగతి నుంచి ఫుట్‌బాల్ పిచ్చి. ఎడమకాలి ఆటగాడు, లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్. గచ్చిబౌలి వైపు ఒక అకాడమీలో అండర్-17 జట్టులో ఆడుతున్నాడు, పోయిన ఏడాది ఎస్‌జీఎఫ్‌ఐ స్కూల్ నేషనల్స్‌కి తెలంగాణ తరఫున వెళ్ళొచ్చాడు. మెడల్ రాలేదు.

అకాడమీలో ఇంకో పేరెంట్ చెబితే మాదాపూర్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాం. వాళ్ళు వీడి ఆట ఏమీ చూడలేదు, ఫోన్‌లో ఒక రీల్ చూసి "డివిజన్ 1లో 70 శాతం స్కాలర్‌షిప్ పక్కా సార్" అనేశారు. ప్యాకేజీ నాలుగున్నర లక్షలు, సగం ఇప్పుడు, సగం అడ్మిషన్ అయ్యాక. అదికాక వచ్చిన స్కాలర్‌షిప్‌లో మొదటి ఏడాది పది శాతం వాళ్ళకివ్వాలట. బ్రోషర్‌లో "నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ ఇప్పిస్తాం" అని పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంది. నెలాఖరులోగా కట్టకపోతే 2027 బ్యాచ్ నిండిపోతుందని రోజూ ఫోన్లు చేస్తున్నారు, టెన్షన్ పెట్టేస్తున్నారు.

నేను ప్రైవేటు ఉద్యోగిని, మా ఆవిడ టీచర్. ఎంత లాగినా ఏడాదికి 15, మహా అయితే 18 లక్షలు పెట్టగలం. మా బావమరిది ఆస్టిన్‌లో ఉంటాడు, యూటీ ఆస్టిన్‌లో చేరిస్తే మా ఇంట్లోనే ఉంటాడు కదా బావా అంటున్నాడు. మా నాన్నగారేమో బంతి తన్నితే కాలేజీవాడు ఎదురు డబ్బులిస్తాడా అని నవ్వుతున్నారు. నిజంగా ఎంత వస్తుంది, కన్సల్టెన్సీ లేకుండా మనమే ప్రయత్నించొచ్చా, ఎంపీసీ తీసుకున్నాడు కాబట్టి జేఈఈ కోచింగ్ ఉంచాలా తీసెయ్యాలా, తెలిసినవాళ్ళు చెప్పండి.

డాలస్_బాబాయ్

ముందు మీ నాన్నగారికి జవాబు: ఇస్తారండి. మీ కన్సల్టెన్సీ చెప్పినంత మాత్రం ఇవ్వరు. మా పెద్దవాడు ఇక్కడ క్లబ్ సాకర్ ఆడి పోయిన ఏడాది కాలేజీలో చేరాడు, ఆ తతంగమంతా దగ్గరుండి చూశాను.

ఇక్కడ కాలేజీ ఆటల పెద్ద సంఘం ఎన్‌సీఏఏ, అందులో డివిజన్ 1, 2, 3 అని మూడు అంచెలు, 1 పై అంచె. మన ఫుట్‌బాల్‌నే ఇక్కడ సాకర్ అంటారు. డివిజన్ 1లో మగవాళ్ళ సాకర్‌కి 2025 దాకా ఒక్కో కాలేజీ ఇవ్వగలిగింది 9.9 పూర్తి స్కాలర్‌షిప్‌ల విలువ. అది ఏటా కొత్తగా వచ్చే పిల్లలకి కాదు, మొదటి ఏడాది వాడి నుంచి ఆఖరి ఏడాది వాడి దాకా జట్టు మొత్తానికీ కలిపి. కోచ్ దాన్ని ముక్కలు చేసి పంచుతాడు. 28 మందికి సమంగా పంచితే తలా 35 శాతం వస్తుంది. సమంగా ఎవరూ పంచరు, గోల్స్ కొట్టేవాడికి, నమ్మకమైన కీపర్‌కి పెద్ద ముక్క, చివరి పదిమందికి పుస్తకాల డబ్బులో, సున్నానో. పోనీ మీ వాడికి ఆ 35 వచ్చిందే అనుకుందాం, మొత్తం ఖర్చు 50 వేల డాలర్లున్న కాలేజీలో ఇంకా 32,500 మీరే కట్టాలి, 2025లో ఉన్న డాలరు 86 లెక్కన దాదాపు 28 లక్షలు. మీరేమో 18 దగ్గర ఆగిపోయారు. పైగా ఆ 9.9 కూడా పూర్తిగా ఇవ్వలేని కాలేజీలు బోలెడు, వాళ్ళ బడ్జెట్ అంతే.

ఆటగాళ్ళకి డబ్బు పంచే విషయంలో ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌ని 2025 జూన్ 6న కోర్టు ఆమోదించింది. అందులో చేరిన కాలేజీలకి స్కాలర్‌షిప్‌ల మీద పరిమితి పోయి, జట్టులో 28 మందికి మించకూడదనే రోస్టర్ పరిమితి వచ్చింది. అంటే కాగితం మీద 28 మందికీ ఫుల్ ఇవ్వొచ్చు, ఆ 70 శాతం మాట ఇక్కడినుంచే పుట్టి ఉంటుంది. కానీ అదే సెటిల్‌మెంట్ ప్రకారం కాలేజీ తన ఆటగాళ్ళకి నేరుగా డబ్బు పంచొచ్చు, 2025-26కి ఆ పరిమితి 20.5 మిలియన్ డాలర్లు, అందులో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కి, బాస్కెట్‌బాల్‌కి పోతుంది. ఇక సాకర్‌కి కొత్తగా డబ్బు ఎక్కడినుంచి తెస్తారు? ఇంకోటి, ఇదివరకు 30, 32 మందిని పెట్టుకున్న జట్లు ఇప్పుడు 28కి తగ్గాలి. రెండేళ్ళు తర్ఫీదిస్తే పనికొస్తాడులే అని తీసుకునే కుర్రాడి చోటే ముందు పోతుంది. ఇండియా నుంచి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఆ చోటుకే పోటీపడతారు.

మీ బావమరిది గారికి చెప్పండి, యూటీ ఆస్టిన్‌లో మగపిల్లలకి వర్సిటీ సాకర్ జట్టే లేదు. ఆడపిల్లలకే ఉంది. టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో కూడా అంతే. సరదాగా ఆడుకునే క్లబ్ జట్లు ఉంటాయి, వాటికి స్కాలర్‌షిప్ ఉండదు. ఇక ఫలానా కాలేజీలో చేరతానని ఆటగాడు సంతకం పెట్టే ఆ నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ పద్ధతిని 2024 అక్టోబరులోనే ఎత్తేశారు, ఇప్పుడు కాలేజీతో నేరుగా ఆర్థిక సాయం ఒప్పందమే. లేని కాగితం ఇప్పిస్తామంటున్నారంటే ఆ బ్రోషర్ ఎప్పటిదో, వాళ్ళకి తెలిసిందెంతో మీరే ఆలోచించండి.

నన్నడిగితే 91 శాతం వచ్చిన పిల్లాడు చూడాల్సింది డివిజన్ 3. పేరు విని తక్కువ అనుకోకండి. అక్కడ ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు, రూలే అంత. ఐవీ లీగ్ డివిజన్ 1 అయినా ఆటకి డబ్బివ్వదు. కానీ డివిజన్ 3లో మార్కులకి మెరిట్ డబ్బు ఇచ్చేవి, ఇంటి ఆదాయాన్ని బట్టి సాయం చేసేవి చాలా ఉన్నాయి. 2024 డిసెంబరులో డివిజన్ 3 మగవాళ్ళ టైటిల్ గెలిచిన ఆమ్‌హర్స్ట్, దాని లీగ్‌లోనే ఉండే బోడెన్, ఈ రెండూ విదేశీ పిల్లలకి కూడా ఇంటి ఆర్థిక స్థితి చూడకుండా అడ్మిషన్ ఇస్తాయి, సీటు వచ్చాక కుటుంబం కట్టలేనిది మొత్తం తామే భరిస్తాయి. సీటు రావడం మాత్రం మహా కష్టం. అక్కడే ఆట పనికొస్తుంది. కోచ్‌కి నచ్చితే 12వ తరగతికి ముందు వేసవిలో మీవాడి మార్కులు అడ్మిషన్స్ ఆఫీసుకి పంపి, వీడికి అవకాశం ఉందా లేదా అని ముందే అడిగి తెలుసుకుంటాడు. ఇక్కడ దాన్ని ప్రీ-రీడ్ అంటారు. ఆట తలుపు దగ్గరికి తీసుకెళ్తుంది, డబ్బు మార్కుల వైపు నుంచి వస్తుంది.

బ్యాక్‌బెంచ్_కూకట్‌పల్లి

91 వచ్చిన పిల్లాడికి బంతాట ఏంటండీ. శుభ్రంగా జేఈఈ రాయించండి, బీటెక్ అయ్యాక ఎంఎస్‌కి ఎలాగూ వెళ్తాడు, అక్కడ సాయంత్రాలు ఆడుకుంటాడు.

నిజాంపేట్_నాన్న

చదువు మాన్పించట్లేదండి. వాడంతట వాడే తెల్లవారుజామున లేచి ప్రాక్టీసుకి పోయి, వచ్చి స్కూలుకి వెళ్తాడు. చదువుకి లేవమంటే మాత్రం నలుగురం లేపాలి. అందుకే ఈ దారి ఏదైనా ఉందేమో చూస్తున్నా.

డాలస్ బాబాయ్ గారూ, చాలా థాంక్స్. ఆస్టిన్ సంగతి చెప్పగానే బావమరిది ఫోన్ పెట్టేశాడు.

సికింద్రాబాద్_కోచ్

ఈ ఊళ్ళో కూర్చుని బంతాట అంటే నాకు ఒళ్ళు మండుతుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం, ఆ జట్ల కోచ్ రహీం సాబ్ మన హైదరాబాదీ. మన సిటీ పోలీస్ జట్టుని దేశమంతా భయపడేలా తయారుచేసిందీ ఆయనే. సరే, ఆ బాధ ఇప్పుడెందుకు, అసలు విషయానికి వస్తా.

నాన్నగారూ, మీవాడి స్థాయి గురించి ముందు నిజం మాట్లాడుకుందాం. డివిజన్ 1 మగవాళ్ళ జట్లలో విదేశీయులు చాలా ఎక్కువ. యూరప్ క్లబ్బుల అకాడమీల్లో పెరిగి, సీనియర్ జట్టులో చోటు దొరకని 19, 20 ఏళ్ళ కుర్రాళ్ళు అక్కడికి వస్తారు. ఇప్పుడు కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఒకటి, ఇంకో కాలేజీలో రెండేళ్ళు ఆడి రాటుదేలినవాడు దొరుకుతుంటే ముక్కూమొహం తెలియని పదిహేడేళ్ళ వాణ్ణి కోచ్ ఎందుకు తీసుకుంటాడు? ఎస్‌జీఎఫ్‌ఐ సర్టిఫికెట్, స్టేట్ బ్లేజర్ మన దగ్గర గొప్ప, అక్కడి కోచ్‌కి అవేంటో కూడా తెలియదు. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్ యూత్ జట్టు మీద ఆడినప్పుడు మీవాడు తొంభై నిమిషాలూ నిలబడ్డాడా, లేక రెండో సగంలో వాడి వైపు నుంచే దాడులన్నీ జరిగాయా? మీకు ఆట తెలియకపోతే అకాడమీ కోచ్‌ని పక్కకి పిలిచి మొహమాటం లేకుండా చెప్పమనండి. ఎడమకాలి లెఫ్ట్ బ్యాక్ కావడం మాత్రం అదృష్టం. అందరూ కుడికాలి మిడ్‌ఫీల్డర్లే, సహజంగా ఎడమకాలితో క్రాస్ వేసేవాణ్ణి ఎక్కడైనా వెతుకుతారు.

కన్సల్టెన్సీ వాళ్ళకి చూపించిన రీల్ పక్కన పడెయ్యండి. మన పిల్లలు చేసే పెద్ద తప్పు ఇదే, బాక్స్ టర్ఫ్‌లో ఫైవ్స్ ఆడిన క్లిప్పులు, స్లో మోషన్ స్కిల్సు, వెనకాల మాస్ బీజీఎం. అక్కడి కోచ్‌లు సౌండ్ ఆపేసి చూస్తారు, అర నిమిషంలో నచ్చకపోతే మూసేస్తారు. కావాల్సింది పదకొండు మంది ఆడే పెద్ద గ్రౌండ్, ఎదురుగా గట్టి జట్టు. కెమెరా మధ్యగీత దగ్గర, గ్యాలరీ పై మెట్టు మీద ఉండాలి. గోల్ వెనక నుంచి తీస్తే ఎవడు ఎక్కడ నిలబడ్డాడో తెలియదు. మొత్తం నాలుగైదు నిమిషాలు చాలు, ప్రతి క్లిప్పు మొదట్లో ఒక్క సెకను ఆపి మీవాడి చుట్టూ గుండ్రం గీయండి. లెఫ్ట్ బ్యాక్ కాబట్టి క్రాసులొక్కటే పెడితే వీడు డిఫెండింగ్ దాస్తున్నాడు అనుకుంటారు. ఒంటరిగా వింగర్‌ని ఆపినవి, ఫార్ పోస్ట్ దగ్గర హెడర్‌తో క్లియర్ చేసినవి, ఎదుటివాళ్ళు మీదపడి ప్రెస్ చేస్తే బంతితో బయటపడినవి ముందు పెట్టండి. దాంతోపాటు ఒక పూర్తి మ్యాచ్ లింకు. నిజంగా ఆసక్తి ఉన్నవాడు రెండో మాటగా పూర్తి మ్యాచే అడుగుతాడు, అందులో బంతి లేనప్పుడు మీవాడు ఏం చేస్తున్నాడో చూస్తాడు.

ఇంకో హెచ్చరిక. ఈ రెండేళ్ళలో ఏ క్లబ్బయినా పిలిచి ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టమంటే పొంగిపోయి పెట్టకండి. ఎన్‌సీఏఏ వాళ్ళు అమెచ్యూర్ హోదా, అంటే జీతానికి ఆడే ప్రొఫెషనల్ కాదన్న సంగతి, విడిగా పరిశీలిస్తారు. ఆడటం వేరు, జీతం కాంట్రాక్టు వేరు. ఏఐఎఫ్‌ఎఫ్ (మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్య) రిజిస్ట్రేషన్‌లో అమెచ్యూర్ అని ఉందో లేదో అకాడమీని అడిగి చూసుకోండి.

కాన్సస్_కీపర్

నమస్తే అంకుల్. నాది అల్వాల్, ఇప్పుడు కాన్సస్‌లో ఒక చిన్న ఊళ్ళో ఎన్‌ఏఐఏ కాలేజీలో గోల్ కీపర్‌ని, సెలవులకి ఇంటికొచ్చా. పైన ఇద్దరూ ఎన్‌సీఏఏ గురించే చెప్పారు, ఎన్‌ఏఐఏ అని వేరే సంఘం ఉంది, చిన్న ప్రైవేటు కాలేజీలు ఎక్కువ. సాకర్‌కి ఒక్కో జట్టుకి 12 స్కాలర్‌షిప్‌ల దాకా ఇవ్వొచ్చు. మా జట్టులో బ్రెజిల్, స్పెయిన్ వాళ్ళు నిండా ఉన్నారు, ఆట ఏం చులకన కాదు, నేను మొదటి ఏడాది బెంచీ మీదే ఉన్నా.

డబ్బు లెక్క చెప్తా, అందరూ దాస్తారు. మా కాలేజీ మొత్తం ఖర్చు 41 వేల డాలర్లు. మార్కులకి మెరిట్ కింద 16 వేలు, ఆటకి 8 వేలు. మేం కట్టేది 17 వేలు, పైన చెప్పిన 86 లెక్కన పధ్నాలుగున్నర లక్షలు. చూశారుగా, ఆట కంటే మార్కులే రెట్టింపు ఇచ్చాయి. కోచ్‌లకి కూడా మార్కులున్న పిల్లాడంటే ఇష్టం, ఎందుకంటే మెరిట్ డబ్బు కాలేజీ ఇస్తుంది, ఆయన బడ్జెట్ మిగులుతుంది. నాకు మొదటి ఫోన్‌లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న నీ ఎత్తెంత అని కాదు, నీ మార్కులెంత అని. ఈ 17లో విమానం టిక్కెట్లు, వేసవిలో హాస్టల్ మూసేస్తే గది అద్దె ఉండవు, అవి విడిగా వేసుకోండి. క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు, జిమ్‌లో టవళ్ళు మడతపెట్టడం లాంటివి, చేతి ఖర్చుకి సరిపోతుంది. సోషల్ మీడియాలో కనిపించే ఎన్‌ఐఎల్ డబ్బుల (ఆటగాడి పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇచ్చేవి) మీద ఆశ పెట్టుకోకండి, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్ళకి అక్కడుండి అలా సంపాదించడం చిక్కు.

ఆట స్కాలర్‌షిప్ చాలాచోట్ల ఒక్కో ఏడాదికే రాస్తారు అంకుల్, ఏటా రెన్యూ చేయాలి. నన్ను తీసుకున్న కోచ్ ఏడాదికే వేరే కాలేజీకి వెళ్ళిపోయాడు, కొత్తాయన తనకి నచ్చిన కీపర్‌ని తెచ్చుకున్నాడు. నాకు తగ్గించలేదు కానీ పక్కవాడికి తగ్గించాడు. కాబట్టి మోకాలు పోయి ఆట ఆగిపోయినా ఈ కాలేజీలో, ఈ ఊళ్ళో, ఈ కోర్సు చదవగలనా అని మీవాణ్ణి అడగండి. మాది చుట్టూ మొక్కజొన్న చేలే, కందిపప్పు కావాలన్నా విచిటా పోవాలి. సీజన్ ఆగస్టు నుంచి నవంబరు దాకా, ఆ నెలలన్నీ బస్సులోనే హోంవర్క్.

సర్టిఫికెట్ల పని ఇప్పుడే మొదలుపెట్టండి. ఆడే అర్హత తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ 9వ తరగతి నుంచి మార్కులు అడుగుతుంది. మన స్కూళ్ళలో 9వ తరగతి ప్రోగ్రెస్ కార్డు ఎవరు దాచుకుంటారు? స్కూలుకి వెళ్ళి స్టాంపు వేయించి తీసుకోండి. డివిజన్ 1కి ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్ లాంటి సబ్జెక్టుల్లో మొత్తం 16 కోర్సులు ఉండాలి. ఎంపీసీ కాబట్టి 11, 12లో సోషల్ ఉండదని భయపడొద్దు, రెండేళ్ళ సోషల్ కావాలి, అది 9, 10లో అయిపోయింది. ఇంగ్లిష్ మాత్రం నాలుగేళ్ళూ కావాలి. ఎన్‌సీఏఏ తన అర్హతకి శాట్ అడగడం మానేసింది, కానీ మెరిట్ డబ్బు కోసం రాయిస్తే మంచిదే. ఎన్‌ఏఐఏకి వేరే సెంటర్, వేరే రిజిస్ట్రేషన్.

వీసాకి కావాల్సిన ఐ-20 అనే కాగితం కాలేజీ నుంచి రావాలంటే స్కాలర్‌షిప్ పోను మిగతా డబ్బు బ్యాంకులో చూపించాలి. 2025లో వీసా ఇంటర్వ్యూలు కొన్నాళ్ళు ఆపి మళ్ళీ మొదలుపెట్టారు, సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. మీవాడికి ఇంకా టైముంది కానీ ఇన్‌స్టాలో ఏం పెడుతున్నాడో ఓ కన్నేసి ఉంచండి, కోచ్‌లు కూడా చూస్తారు.

ఉప్పల్_అమ్మ

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా పాప 9వ తరగతి, వింగర్. వాళ్ళ స్కూల్లో ఆడపిల్లల జట్టు లేదు, అబ్బాయిలతోనే ఆడుతుంది. ఆడపిల్లలకి కూడా ఇదే లెక్కా? తనే ఒక కాలేజీ కోచ్‌కి మెయిల్ పెట్టింది, క్యాంపుకి రమ్మని ప్రకటన లాంటిది వచ్చింది తప్ప జవాబు లేదు. బాగా డల్ అయిపోయింది.

డాలస్_బాబాయ్

అమ్మా, ముందు పాపకి చెప్పండి, జవాబు రాకపోవడం అంటే వద్దనడం కాదు. డివిజన్ 1 సాకర్ కోచ్‌లు పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 దాకా పిల్లలతో రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదు, రాయకూడదు. క్యాంపు ప్రకటనలు, వివరాలు నింపమనే ఫారాలు మాత్రం పంపొచ్చు, అందుకే అది వచ్చింది. ఆ క్యాంపు ఆహ్వానం వేలమందికి వెళ్తుంది, దాని కోసం టిక్కెట్లు కొనుక్కుని రావద్దు. కోచ్ పాప పేరు, తను ఆడిన మ్యాచ్ ప్రస్తావించి రాస్తే అప్పుడు ఆలోచించండి. నిజాంపేట్ గారూ, ఈ లెక్కన మీవాడికి ఆ తేదీ ఇప్పుడే దాటింది, ఇక రాస్తే జవాబు ఇవ్వొచ్చు.

ఆడపిల్లలకి పరిస్థితి బాగా మెరుగు. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం వల్ల కాలేజీలు ఆడా మగా ఇద్దరికీ ఆటల్లో సమానంగా అవకాశాలివ్వాలి. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఒక్కటే 85 మగవాళ్ళ స్కాలర్‌షిప్‌లు మింగేసేది, దానికి సరితూగాలని ఆడవాళ్ళ సాకర్ లాంటివి పెట్టారు. డివిజన్ 1లో మగవాళ్ళ సాకర్ జట్లు రెండొందల పైచిలుకు, ఆడవాళ్ళవి మూడొందల పైచిలుకు. పాత పరిమితి మగవాళ్ళకి 9.9 అయితే ఆడవాళ్ళకి 14. డివిజన్ 2లో కూడా మగవాళ్ళకి 9, ఆడవాళ్ళకి 9.9. ఆస్టిన్‌లో అబ్బాయిలకి జట్టు లేకపోవడానికి వెనకున్న కథ కూడా చాలావరకు ఇదే.

సికింద్రాబాద్_కోచ్

ఉప్పల్ అమ్మగారూ, అబ్బాయిలతో ఆడటం మంచిదే, వేగం అలవాటవుతుంది. కానీ వీడియో కోసం ఆడపిల్లల పదకొండు మంది మ్యాచ్‌లు కావాలి, ఊళ్ళో అవి తక్కువ. స్టేట్ జూనియర్ సెలక్షన్స్‌కి తప్పకుండా పంపండి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ ఇండియాకి ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి ఆడింది. పాపకి ఆ అమ్మాయి మ్యాచ్‌లు చూపించండి, తనదీ వింగే.

నిజాంపేట్_నాన్న

కన్సల్టెన్సీకి ఫోన్ చేసి లెటర్ ఆఫ్ ఇంటెంట్ ఎత్తేశారట కదా అంటే "అది టెక్నికల్ మాట సార్, మేం చూసుకుంటాం" అన్నారు. పది శాతం గురించి అడిగితే ఇండస్ట్రీ అంతా అంతే తీసుకుంటుందన్నారు. నాలుగున్నర లక్షలు మొత్తం కాకుండా ఆ పది శాతం ఒక్కటే తీసుకోమని బేరమాడదామా అనిపిస్తోంది, పని అయితేనే డబ్బు కదా.

డాలస్_బాబాయ్

వద్దండి, అది ఇంకా ప్రమాదం. రిక్రూటింగ్ సర్వీసుకి డబ్బు కట్టడం ఎన్‌సీఏఏకి అభ్యంతరం కాదు, కానీ ఆ ఫీజు పిల్లాడికి స్కాలర్‌షిప్ రావడం మీద ఆధారపడి ఉండకూడదు. వస్తే ఇంత శాతం అనే ఒప్పందం మీవాడి అమెచ్యూర్ హోదాకే ఎసరు పెడుతుంది. పని అయితేనే డబ్బు అనేది మనకి న్యాయంగా కనిపిస్తుంది, వాళ్ళ రూలు సరిగ్గా దాన్నే వద్దంటుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు కదా? పెట్టకండి. వాళ్ళు చేసేదేముంది, కోచ్‌ల మెయిల్ ఐడీలు తీసి అందరికీ ఒకే ఉత్తరం కొడతారు. ఆ ఐడీలు ప్రతి కాలేజీ అథ్లెటిక్స్ సైట్‌లో స్టాఫ్ డైరెక్టరీలో ఉంటాయి.

డ్రాప్ ఇయర్ కూడా గుర్తుపెట్టుకోండి. 12 అయ్యాక జేఈఈ కోసమని ఒక ఏడాది ఆపితే డివిజన్ 1లో ఫరవాలేదు, ఒక ఏడాది గడువు ఉంది. అది దాటాక కూడా లీగులు ఆడుతూ ఉంటే కాలేజీలో ఆడే ఏళ్ళు తెగుతాయి.

సికింద్రాబాద్_కోచ్

జేఈఈ కోచింగ్ మాన్పించకండి, ఇందాక కూకట్‌పల్లి ఆయన చెప్పిన కారణానికి కాదు. ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి స్పోర్ట్స్ ఎక్సలెన్స్ అడ్మిషన్ పెట్టింది, ప్రతి బీటెక్ కోర్సులో రెండు అదనపు సీట్లు, అందులో ఒకటి అమ్మాయిలకి. ఫుట్‌బాల్ కూడా ఆ ఆటల జాబితాలో ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు లిస్టులో పేరుండాలి, గత నాలుగేళ్ళలో నేషనల్స్‌లో కనీసం ఒక మెడల్ ఉండాలి. మీవాడికి ఇప్పుడు లేనిది ఆ మెడల్ ఒక్కటే. ఈ ఏడాది స్టేట్ జట్టులో మళ్ళీ వస్తే దానికోసమైనా ఒళ్ళు వంచి ఆడమనండి.

బ్యాక్‌బెంచ్_కూకట్‌పల్లి

ఈ సంగతి నాకు తెలియదు కోచ్ గారూ. మా తమ్ముడి కొడుకు వాలీబాల్ ఆడతాడు, దానికి కూడా ఉందా?

సికింద్రాబాద్_కోచ్

ఉంది. వాణ్ణి కూడా బంతాట మానేసి చదువుకోమన్నారా ఏంటి?

నిజాంపేట్_నాన్న

కన్సల్టెన్సీ నంబరు బ్లాక్ చేశా. ఆదివారం లీగ్ మ్యాచ్ ఉంది, ట్రైపాడ్ తీసుకుని గ్యాలరీ ఎక్కుతా. డివిజన్ 3, ఎన్‌ఏఐఏ కాలేజీలు చెరో పదిహేను రాసి పెట్టుకున్నాం, డివిజన్ 2 కొన్ని. కోచ్‌లకి పంపే మెయిల్ నేను డ్రాఫ్ట్ చేసి ఇక్కడ పెడితే కాస్త చూసి చెప్తారా?

కాన్సస్_కీపర్

చూస్తాం అంకుల్, కానీ మీరు రాయకండి, వాడితోనే రాయించండి. పేరెంట్ రాసిన మెయిల్ అక్కడ మొదటి లైన్లోనే తెలిసిపోతుంది, "మా సుపుత్రుడు" టైపులో ఉంటుంది. హెడ్ కోచ్‌తో పాటు అసిస్టెంట్ కోచ్‌కీ పంపమనండి, మెయిల్స్ చదివేది ఎక్కువగా ఆయనే. సబ్జెక్టు లైన్‌లోనే 2027, లెఫ్ట్ బ్యాక్, ఎడమకాలు, 91 శాతం, ఇండియా అని ఉండాలి. లోపల ఆ కాలేజీ పోయిన సీజన్‌లో ఆడిన మ్యాచ్ ఒకటి చూసి దాని గురించి ఒక్క వాక్యం, ఏ కోర్సు చదవాలనుకుంటున్నాడో ఒక్క వాక్యం, వీడియో లింకు. ఏడాదికి ఎంత కట్టగలరో దాచకుండా రాయమనండి, లేకపోతే నాలుగు నెలలు మాట్లాడాక డబ్బు దగ్గర ఆగిపోతుంది. వీడియో లింకు పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకుంటుందో లేదో పంపే ముందు వేరే ఫోన్‌లో చూసుకోండి.